అరవై రెట్ల దూరం

నాన్న మా ఇంటికొచ్చి నాలుగు నెలలు దాటినా సముద్రం చూపించమని ఒక్కసారీ అడగలేదు. ఉప్పాడలో పుట్టి, డెబ్బై రెండేళ్ళపాటు కెరటాల చప్పుడుకి నిద్రలేచిన మనిషి. మేముండే మాంక్టన్ నుంచి ఇరవై నిమిషాలు కారులో వెళ్తే సముద్రం. నేనే రెండు మూడు సార్లు కదిపి చూశాను. "సముద్రం ఎక్కడైనా సముద్రమేగా అమ్మడూ, ఉప్పు నీళ్ళేగా" అనేసి టాబ్లెట్లో ఈపేపరు తెరుచుకుని కూర్చున్నారు.

ఎందుకు వద్దంటున్నారో నాకు తెలియంది కాదు. ఉప్పాడలో మా ఇల్లు ఇప్పుడు సముద్రానికి ముప్ఫై అంగల దూరంలో ఉంది. ఆ అంగలు నాన్నవే. చేనేత పని చేసుకునే మా తాతయ్య కట్టిన పెంకుటిల్లది. ఏటా కనుమ నాడు తెల్లవారుజామునే గుమ్మం ముందు మెట్టు దగ్గర్నుంచి, పోటు వచ్చి వెళ్ళినప్పుడు వదిలే చెత్తగీత దాకా అంగలు వేసి లెక్కపెట్టి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటారు. ముప్ఫై ఏళ్ళ పైన హైస్కూల్లో లెక్కలు చెప్పిన చెయ్యి ఊరుకోదు కదా. అమ్మ పోయిన ఏడాదికి, అంటే 2025 ఏప్రిల్లో, ఆయన్ని సూపర్ వీసా మీద ఇక్కడికి తీసుకొచ్చాం. ఆ వీసా మీద ఒకేసారి ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. ఆ సంగతి నాన్నకి చెప్పాం గానీ, ఇక వెనక్కి పంపకూడదని నేనూ తమ్ముడూ ఫోన్లో అనుకున్న సంగతి చెప్పలేదు.

ఆ ఆగస్టులో ఇక్కడ వానల్లేవు. గడ్డి కొబ్బరి పీచులా అయిపోయింది. కార్చిచ్చు భయంతో అడవుల్లోకి జనం వెళ్ళకూడదని న్యూ బ్రన్స్‌విక్ ప్రభుత్వం నిషేధం పెట్టింది, అంతకు ముందే నోవా స్కోషియా పెట్టింది. మా వారాంతాలన్నీ చెట్ల కింద గడిచేవి కాబట్టి ఇక మిగిలింది తీరమే. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. "తాతయ్య రాకపోతే నేనూ రాను" అని బాగ్ పక్కన పడేసి కూర్చుంది. అలా నాన్న కారెక్కారు.

కెనడా సముద్రం అనగానే వేలు పెడితే కొరికేసేంత చల్లదనం అనుకుంటారు. చాలాచోట్ల నిజమే. మాకు దక్షిణాన ఉన్న ఫండీ అఖాతం ఎండాకాలంలో కూడా మంచుముద్దే. అక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం పదహారు మీటర్ల దాకా తేడా వస్తుంది. ఆ రాకపోకలకి అడుగునున్న చన్నీళ్ళు ఎప్పటికప్పుడు పైకి కలిసిపోతూంటాయి. అదే రాష్ట్రానికి తూర్పు వైపున్న నార్తంబర్‌లాండ్ జలసంధి మాత్రం వేరే రకం. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌కీ ప్రధాన భూభాగానికీ మధ్య ఇరుక్కున్న లోతు తక్కువ నీరు. ఎండకి తొందరగా కాగుతుంది, ఒడ్డున నిలబడి చూస్తే చెరువులా ఉంటుంది. ఆగస్టు నాటికి ఇరవై డిగ్రీలు దాటుతుంది. అమెరికాలో వర్జీనియాకి ఉత్తరాన ఇంత వెచ్చని ఉప్పునీరు ఇంకెక్కడా లేదని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. చలికాలంలో ఇదే నీరు గడ్డకట్టేస్తుంది. నాన్న ఆ మాట నమ్మలేదు. "సముద్రం గడ్డకట్టడమేంటమ్మా, ఉప్పేం చేస్తున్నట్టు?" అన్నారు.

శుక్రవారం సాయంత్రం మొదట ఆగింది షెడియాక్. ఊరి మొదట్లో కాంక్రీటుతో చేసిన పెద్ద లాబ్‌స్టర్ బొమ్మ ఉంటుంది, తొంభై టన్నులు. 1990లో పెట్టారు. పిల్లలు దాని గోళ్ళ మీదకెక్కి ఫోటోలు దిగుతూంటారు. నాన్న చుట్టూ ఒకసారి తిరిగొచ్చి "ఇది మన రొయ్యకి తాత" అన్నారు. ఇప్పుడంటే లాబ్‌స్టర్ ఖరీదైన తిండి గానీ, ఒకప్పుడు ఈ ఊళ్ళలో అది పేదవాళ్ళ కూడు. పొలాల్లో ఎరువుగా చల్లేవారు. లాబ్‌స్టర్ పెట్టిన రొట్టె బడికి పట్టుకెళ్ళడానికి పిల్లలు సిగ్గుపడేవారట. ఆ మాట చెప్తే నాన్న, తన చిన్నప్పుడు ఎండుచేపల కూర ఉన్న కారియర్ మూత చాటుచేసుకుని తిన్న సంగతి చెప్పారు. ఇన్నేళ్ళలో నాకు తెలియని సంగతి.

పార్లీ బీచ్‌లో ఇసక మీద ఎండ ఇంకా తగ్గలేదు. మా అమ్మాయీ ఆయనా నీళ్ళలోకి పరుగెత్తారు. నాన్న చెప్పులు విప్పలేదు. ఒడ్డునే బెంచీ మీద కూర్చుని అక్కడ ఎగురుతున్న జెండా ఏమిటని అడిగారు. ఫ్రాన్స్ జెండాలో నీలం భాగం మీద ఒక పసుపు నక్షత్రం. ఇది అకాడియన్ల జెండా. ఫ్రెంచి మాట్లాడే ఈ రైతుల్నీ జాలర్లనీ 1755 నుంచి బ్రిటిష్‌వాళ్ళు ఓడలెక్కించి తరిమేశారు. ఇళ్ళు తగలబెట్టారు. తర్వాత్తర్వాత కొందరు నడుచుకుంటూ, కొందరు పడవల మీద తిరిగొచ్చి, తమ పొలాల్లో వేరేవాళ్ళుండటం చూసి ఇలా సముద్రపు అంచుల్లో స్థిరపడ్డారు. 1884లో జెండా ఎంచుకున్నారు. "తిరిగొచ్చారన్నమాట" అన్నారు నాన్న. నేను మాట మార్చి ఐస్‌క్రీం కొనడానికి లేచాను.

శనివారం పొద్దున్న వంతెన. కాన్ఫెడరేషన్ బ్రిడ్జి 12.9 కిలోమీటర్లు. కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు కూడా ఇంచుమించు అంతే, కాకపోతే అది తుఫాను వచ్చినప్పుడల్లా ఓ ముక్క సముద్రంలోకి పోతుంది. చలికాలం గడ్డకట్టే నీటి మీద కట్టిన వంతెనల్లో ప్రపంచంలో ఇదే పొడవైనది. నీటిమట్టం దగ్గర స్తంభాలకి శంకువుల్లాంటి తొడుగులుంటాయి. మంచుపలకలు వాటిమీదకెక్కి తమ బరువుకి తామే విరిగిపోతాయి. డ్రైవరుకి కునుకు పట్టకుండా ఉండటానికి వంతెనని కావాలనే వంపులు తిప్పారు. ఇంత గొప్ప వంతెన మీద కారులో కూర్చుంటే సముద్రం కనపడదు! గాలి కోసం రెండు పక్కలా మీటరు పైన ఎత్తున గోడ కట్టారు. మా అమ్మాయి పది నిమిషాలూ అలిగి కూర్చుంది.

ఈ వంతెన కథ నాకు చాలా ఇష్టం. ఒకప్పుడు చలికాలంలో ద్వీపానికి ఉత్తరాలూ మనుషులూ చేరాలంటే మంచుపడవలే గతి. రేకు తొడిగిన చిన్న పడవల్ని తోలుపట్టీలు ఒంటికి కట్టుకుని మనుషులు మంచుగడ్డల మీద లాగేవారు, నీళ్ళు తగిలినచోట తెడ్లు వేసేవారు. లాగడానికి ఓ చెయ్యి వేసే మగ ప్రయాణికులకి ఛార్జీ తక్కువ. 1873లో ద్వీపం కెనడాలో కలిసేటప్పుడు ఏడాది పొడుగునా రాకపోకలు నడిపించే పూచీ మీదేనని ఒట్టావా చేత ఒప్పించుకున్నారు. నూట పదిహేనేళ్ళ తర్వాత, 1988 జనవరిలో, వంతెన కావాలా వద్దా అని ఓట్లు పెడితే వందకి అరవై మందికి కాస్త తక్కువగా కావాలన్నారు. నలభై మంది వద్దన్నారు! ద్వీపం ద్వీపం కాకుండా పోతుందని వాళ్ళ బెంగ. 1997 మే 31న తెరిచారు. నాన్న అంతా విని "వద్దన్న నలభై మందీ ఇప్పుడు ఏ దారిన వెళ్తున్నారో" అని నవ్వారు. చాలా రోజుల తర్వాత చూసిన నవ్వు.

అవతలి ఒడ్డున మట్టి ఎరుపు. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు. ఇక్కడి ఇసకరాయిలో ఇనుముంది, అది తుప్పు పట్టిన రంగు. కొండచరియలు, పొలాలు, పక్కదారులు, వాన పడితే కాలవలు, అన్నీ అదే రంగు. ద్వీపం మొత్తం 5,660 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత తూర్పు గోదావరి జిల్లాలో సగం. జనం రెండు లక్షల్లోపే. మిగతా చోటంతా బంగాళాదుంపలు. రోడ్డు పక్కన బల్ల మీద దుంపల సంచులు పెట్టి, పక్కన ఓ డబ్బా పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోతారు. మనమే సంచి తీసుకుని డబ్బాలో డబ్బులు వెయ్యాలి. నాన్న డబ్బులు వేశాక డబ్బాని ఒకసారి ఊపి చూశారు. ఎందుకని అడిగితే, "ఎవరైనా వేస్తున్నారో లేదో" అన్నారు. వేస్తున్నారు.

కావెండిష్‌లో గ్రీన్ గేబుల్స్ ఇంటికి వెళ్ళాం. 1908లో మాంట్‌గొమరీ రాసిన నవల్లోని ఆన్ అనే అనాథపిల్లని చూడటానికి జపాన్ నుంచి కూడా జనం వస్తారు. మా అమ్మాయికి ఆ పుస్తకం ప్రాణం. నాకు ఆ రద్దీలో నడుం నొప్పి తప్ప ఏం గుర్తులేదు. నాన్నకి మాత్రం దుకాణంలో ఒక వస్తువు నచ్చింది, ఎర్రమట్టితో రంగువేసిన టీషర్టు. లోపలివైపు తిప్పి, కుట్టు దగ్గర రంగు ఎంత ఎక్కిందో చూసి, బొటనవేలితో రుద్ది, "ఇదీ అద్దకమే, ఇంకా ముదరాలి" అన్నారు. నేతగాడి కొడుకు కదా. తను మగ్గం మీద కూర్చోలేదు గానీ జామ్‌దానీ చీర కొంగు తిరగేసి చూసి ఎన్ని రోజుల పనో చెప్పగలరు.

షార్లట్‌టౌన్‌కి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. కెనడా పుట్టింది ఇక్కడేనంటారు. 1864 సెప్టెంబరులో కెనడా నాయకులు ఓడలో ఇక్కడి సమావేశానికి వస్తే రేవులో స్వాగతం చెప్పే నాథుడు లేడు. ఊరందరూ సర్కస్ చూడటానికి పోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన సర్కస్ మరి! చివరికి ఒక మంత్రిగారు పడవ వేసుకుని ఎదురెళ్ళారు. ఇంత చేసీ ఆ ద్వీపం మొదట కెనడాలో కలవనేలేదు, రైలుమార్గం అప్పులు మెడకి చుట్టుకున్నాకే దిగొచ్చింది.

కాఫీ కోసం ఆగినచోట మేం తెలుగులో గొడవపడుతూంటే కౌంటరు అవతలి అబ్బాయి "ఏ ఊరండీ?" అన్నాడు. తుని పక్కన. నాన్నకి ప్రాణం లేచొచ్చింది. ఆ అబ్బాయి చదువు పూర్తిచేసి, పర్మనెంట్ రెసిడెన్సీ వస్తుందనే ఆశతో హాలిఫాక్స్ నుంచి ఈ ద్వీపానికి మారాడు. వచ్చాక రాష్ట్రం ఆ కోటా తగ్గించేసింది, హోటళ్ళలో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి మరీ. 2024 మే నెలలో ఇక్కడి శాసనసభ ముందు మనదేశపు పిల్లలు డేరాలు వేసుకుని నిరాహారదీక్ష కూడా చేశారు. వర్క్ పర్మిట్ ఇంకా ఏడు నెలలుందట. "తర్వాతో?" అన్నారు నాన్న. అతను నవ్వి, మా అమ్మాయికి ఒక డోనట్ తన డబ్బుల్తో ఇచ్చాడు. కారెక్కాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కిటికీలోంచి చూస్తూనే "పాపం, ఆ కుర్రాడికి నీళ్ళు ఏడంగల్లో ఉన్నాయి" అన్నారు.

ఆ రాత్రికి ఉత్తర తీరంలో ఒక కాటేజీ తీసుకున్నాం. యజమాని ఎనభైకి దగ్గరున్న పెద్దాయన, ఒంటరిగా పక్కింట్లోనే ఉంటాడు. సాయంత్రం నేను అన్నం వండుతూంటే నాన్నా ఆయనా కంచె దగ్గర నిలబడి చేతులూపుకుంటున్నారు. నాన్నకి ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు, ఇక్కడి యాస మాత్రం చెవికెక్కదు. నన్ను పిలిచారు. స్టవ్ ఆపేసి వెళ్ళాను.

పెద్దాయన చూపిస్తున్నది గడ్డిలో ఒక చదరపు గుర్తు. కాటేజీ ఇదివరకు అక్కడుండేదట. 2022 సెప్టెంబరు 24న ఫియోనా తుఫాను వచ్చింది. ద్వీపమంతా చీకటైపోయింది, కొన్ని ఇళ్ళకి రెండు వారాలు దాటాక గానీ కరెంటు రాలేదు. ఇసకదిబ్బలు కొన్నిచోట్ల పది మీటర్ల దాకా కోసుకుపోయాయి. టీకప్ రాక్ అని, సన్నటి కాడ మీద కప్పులా నిలబడ్డ ఎర్రరాయి ఉండేది, పోస్టుకార్డులన్నిటి మీదా అదే. తెల్లారేసరికి లేదు. ఈయన పెరట్లో ఆ ఒక్కరాత్రికే ఇరవై అడుగులు పోయిందట. వసంతంలో మనుషుల్ని పిలిపించి, కాటేజీ కింద ఉక్కు దూలాలు దూర్చి, జాకీలతో పైకి లేపి, చక్రాల మీద వెనక్కి లాగించాడు. ఇక్కడి ఇళ్ళు చెక్కవి. పెళ్ళికూతురి పల్లకీలా మోసుకుపోవచ్చు.

"రాళ్ళు వెయ్యకపోయారా?" అని నాన్న అడిగించారు. వేస్తారట. వేస్తే వేసినవాడి ముందు నిలుస్తుంది, ఆ దెబ్బంతా పక్కవాడి ఒడ్డు తింటుంది. అందుకే ఇరుగుపొరుగుకి తగువులు. నాన్న గట్టిగా తలూపారు. మా దగ్గరా అంతే. ఉప్పాడలో జియోట్యూబులని, ఇసక నింపిన పెద్ద గొట్టపు సంచులు వేశారు. కొన్నాళ్ళు ఆగింది. తర్వాత అవే చిరిగి చెదిరాయి. ఒకచోట రాళ్ళు పోస్తే సముద్రం పక్కపేట మీద పడేది. సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేట, వరసగా ఏటా ఎవరివో ఇళ్ళు. గోదావరి మీద ఆనకట్టలు వచ్చాక సముద్రానికి చేరే ఒండ్రు తగ్గిపోయిందనీ, తీరానికి మేత లేక తనని తానే తింటోందనీ నాన్న బళ్ళో పిల్లలకి చెప్పేవారు. పెద్దాయన తన వైపు కారణం చెప్పాడు. ఒకప్పుడు చలికాలమంతా తీరం వెంట మంచు గడ్డకట్టి గోడలా కాసేది, ఇప్పుడు మంచు తక్కువ, డిసెంబరు తుఫానులు నేరుగా మట్టిని తాకుతున్నాయి. నాన్న నా వైపు చూశారు. "అయితే సముద్రం నిజంగానే గడ్డకడుతుందన్నమాట!"

ద్వీపం ఒడ్డు ఏటా సగటున అడుగు కన్నా కాస్త తక్కువ, ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, వెనక్కి జరుగుతోందని ఇక్కడి యూనివర్సిటీవాళ్ళు లెక్క కట్టారు. అందుకే ఒడ్డున కొత్త ఇల్లు కట్టాలంటే ఒక రూలుంది. ఆ స్థలంలో ఏటా ఎంత కోత పడుతుందో దానికి అరవై రెట్ల దూరం వదిలి కట్టాలి. కోత తక్కువైనా కనీసం డెబ్బై అయిదు అడుగులు. అంటే కట్టినవాడి జీవితం వెళ్ళిపోవాలన్నమాట ఇంటికంటే ముందు.

నాన్న జేబులోంచి కాఫీ రసీదు తీసి, వెనక పెన్నుతో రాయడం మొదలెట్టారు. నేను ఆ అంకెలు చూడటం అదే మొదలు. నోటుపుస్తకం ఇంట్లో అందరికీ తెలుసు గానీ ఎవరమూ విప్పి చూడలేదు. 1978 కనుమ, 265 అంగలు. 2025 కనుమ, 30. నలభై ఏడేళ్ళలో పోయినవి 235. ఏటా ఐదు. మధ్యలో 96 తుఫాను తర్వాత ఒక్కసారే పద్దెనిమిది తగ్గాయట. అరవై రెట్లంటే మూడొందలు. నాన్న ఆ అంకె కింద రెండు గీతలు గీశారు, బోర్డు మీద జవాబుకి గీసినట్టు.

"అంటే ఈయనగారి రూలు ప్రకారం మొదట్లోనే అక్కడ ఇల్లు కట్టకూడదు. రెండొందల అరవై ఐదేగా ఉంది" అన్నారు.

పెద్దాయనకి చెప్పాను. మరి ఎందుకు కట్టారని అడిగాడు. అందులో తప్పుపట్టడం లేదు, తనకీ ఆ ప్రశ్న ఉన్నట్టుంది. నాన్న కాస్త ఆలోచించి, "మా నాన్న కట్టినప్పుడు సముద్రం కనిపించేది కాదని చెప్పమ్మా. వినిపించేదంతే. మధ్యలో మూడు వీధులుండేవి" అన్నారు.

ఆ తర్వాత పెద్దాయన లోపలికెళ్ళి ఒక గాజుసీసా తెచ్చాడు. ఆయన భార్య నలభై ఏళ్ళపాటు ఒడ్డున ఏరిన గాజుముక్కలు, అలలకి అరిగి నున్నగా, పాలు కలిపినట్టున్న పచ్చలూ నీలాలూ. ఇక్కడ వాటికి పెద్ద మోజు, నగలు కూడా చేస్తారు. ఆవిడ పోయి రెండేళ్ళు. నాన్న ఒక నీలం ముక్క వెలుతురులో పెట్టి చూసి, మా దగ్గర బంగారం దొరుకుతుందన్నారు. పెద్దాయన వేళాకోళం అనుకున్నాడు. నేను ఫోన్లో 2020 నవంబరు నాటి వార్త తీసి చూపించాను. నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ ఒడ్డున ఆడవాళ్ళూ పిల్లలూ దువ్వెనలూ పుల్లలూ పట్టుకుని ఇసకలో బంగారపు రవ్వలు వెతుకుతున్న ఫోటో. సముద్రంలో కలిసిన ఇళ్ళవీ గుళ్ళవీ అని ఊళ్ళో అనుకుంటారు. "మీ అమ్మకీ దొరికింది ఓసారి" అన్నారు నాన్న, నాతోనే. చిన్న బంగారు గుండు, కందిగింజంత. ఎవరి పుస్తెలతాడుదో అని అమ్మ ఇంట్లో ఉంచలేదు. పిఠాపురం వెళ్ళి పాదగయ గుడి హుండీలో వేసొచ్చింది. నాకీ సంగతీ తెలియదు. ఆ వాక్యం ఇంగ్లీషులోకి మార్చలేక నేను కాసేపు ఆగిపోయాను. పెద్దాయన తొందరపెట్టలేదు.

అన్నం మాడింది. గుడ్లు వేయించుకుని తిన్నాం.

ఆదివారం తూర్పు కొసకి. బేసిన్ హెడ్ దగ్గర ఇసక పాడుతుందంటారు. పాడటం అంటే మరీ అంత లేదు, పొడి ఇసకలో కాళ్ళీడుస్తూ నడిస్తే కొత్త చెప్పుల్లా కిర్రుమంటుంది. రేణువుల్లో సిలికా ఎక్కువ, గుండ్రంగా ఒకే సైజులో ఉండటం వల్ల ఒకదాన్నొకటి రాసుకుని ఆ చప్పుడు. అక్కడ సముద్రంలోకి పారే చిన్న కాలవ మీద వంతెన ఉంది. దూకరాదు అని బోర్డు. బోర్డు పక్కనే వరసలో నిలబడి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దూకుతున్నారు. మా అమ్మాయి కళ్ళతోనే బతిమాలింది. నేను కుదరదన్నాను. ఆయన నా వెనకనుంచి సరే అన్నారు. ఆ సంసార విషయం ఇక్కడ అనవసరం.

తిరిగి చూసేసరికి బెంచీ ఖాళీ. చెప్పులు జతగా ఇసకలో ఉన్నాయి. నాన్న పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి నీళ్ళలో నిలబడి ఉన్నారు. నేను పక్కకి వెళ్ళాను. "వెచ్చగా ఉందే!" అన్నారు, ఫిర్యాదు చేస్తున్నట్టు. తర్వాత వంగి దోసిట్లోకి తీసుకుని నాలుక కొసన పెట్టుకుని "మనకంటే ఉప్పు తక్కువ" అని తేల్చారు. మనుమరాలు తడిసి ముద్దై వచ్చి చెయ్యి పట్టుకుంటే, అల వచ్చినప్పుడు మడమలు ఇసకలో ఎలా దిగెయ్యాలో నేర్పించారు. చిన్నప్పుడు నాకు నేర్పింది అదే మాటలతో. "అల వస్తుంటే నీళ్ళకేసి చూడకు, కాళ్ళ కింద ఇసక జారుతోందో లేదో చూసుకో."

అక్కణ్ణుంచి ఈస్ట్ పాయింట్ లైట్‌హౌస్ దగ్గరే. ఎనిమిది పలకల చెక్క బురుజు, తెల్లరంగు. 1867లో కట్టారు, కెనడా పుట్టిన ఏడాదే. కాకపోతే కొసకి అర మైలు వెనక కట్టారు. 1882లో ఫీనిక్స్ అనే బ్రిటిష్ నౌక అక్కడి దిబ్బ మీదకెక్కి విరిగింది. దీపం కొస మీద లేకపోవడం వల్లే అన్నారు. 1885లో బురుజుని ముందుకి లాక్కెళ్ళి ఒడ్డున నిలబెట్టారు. ఇరవై మూడేళ్ళకి ఒడ్డు కోసుకుంటూ దాని కాళ్ళ దగ్గరికొచ్చింది. 1908లో మళ్ళీ వెనక్కి లాగారు. నాన్న లోపలికి ఎక్కి రాలేదు, మోకాళ్ళ నొప్పి. మేం పైకెక్కి చూస్తే కింద గడ్డిలో ఒక్కరే, తలొంచుకుని, చేతులు వెనక కట్టుకుని, లైట్‌హౌస్ గోడ నుంచి చరియ వైపు అంగలు వేస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి.

దిగొచ్చాక "ఎన్నొచ్చాయి నాన్నా?" అన్నాను.

"కంచె అడ్డొచ్చింది" అన్నారు.

తిరుగుదారిలో ఆయన డ్రైవింగు, మా అమ్మాయి నిద్ర. ఎర్రటి పొలాల మీద పొద్దువాలుతోంది. నాన్న వెనకసీట్లోంచి, ఎప్పట్నుంచో జరుగుతున్న సంభాషణ మధ్యలో అందుకున్నట్టు, "డిసెంబరులో టికెట్టు చూడమ్మా. కనుమకి నేనక్కడుండాలి" అన్నారు.

నేను సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. వయసు, బీపీ, ఒంటరితనం, ముప్ఫై అంగలు. ఒక్కటీ నోటికి రాలేదు. "లెక్క ప్రకారం ఇంక ఆరేళ్ళే కదా నాన్నా" అని మాత్రం అన్నాను. నోట్లోంచి వచ్చాక నాకే గుండె జల్లుమంది.

"ఆరు అనుకోకు. సగటది. ఒక్క తుఫానుకే పద్దెనిమిది పోయాయని చెప్పాగా." ఆయన గొంతులో ఏ తడీ లేదు, పిల్లవాడి లెక్క దిద్దుతున్నట్టుంది. "తమ్ముడు పిఠాపురం వైపు ఇల్లు చూద్దామంటున్నాడుగా. చూడమను. నేనేం అడ్డు చెప్పను. కానీ ఇటుక రాదు గానీ గుమ్మం వస్తుందమ్మా. టేకు గుమ్మం, తాతయ్య చేయించింది. ఊడదీసి పట్టుకెళ్దాం. మగ్గం గుంట తేలేం, అదొక్కటే." కాస్త ఆగి, "ఈసారి అంగలు వేసి రాసిన తర్వాతే ఊడదియ్యాలి. గుమ్మం దగ్గర్నుంచేగా కొలిచేది" అన్నారు.

మా ఆయన అద్దంలోంచి నన్ను చూశారు. నేను కిటికీవైపు తిరిగాను.

వంతెన టోలు ద్వీపంలోంచి బయటికి వచ్చేటప్పుడే కట్టాలి, వెళ్ళేటప్పుడు కాదు. ఆ నెల మొదట్లోనే యాభై డాలర్ల నుంచి ఇరవైకి తగ్గించారు. రావడం ఉచితం, వెళ్ళిపోవడానికే డబ్బులనేసరికి నాన్నకి తెగ నవ్వొచ్చింది. ఆ రసీదు కూడా అడిగి తీసుకుని, ముందురోజు లెక్కలు రాసిన రసీదుతో కలిపి మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంటికి చేరేసరికి పదిన్నర. హైదరాబాదులో తెల్లవారింది. తమ్ముడికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. చెప్పిందంతా విని వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, కొత్తింటికి ఆ గుమ్మం పట్టాలంటే కొలతలు కావాలి కదా, ఎవర్నైనా పంపించి కొలిపించనా అన్నాడు.

"ఎందుకురా" అన్నారు నాన్న సోఫాలోంచి, కళ్ళు మూసుకునే. "ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, వెడల్పు మూడున్నర. నీ పెళ్ళికి తోరణం కట్టినప్పుడు కొలిచాను."